8 కిలోల మెషిన్, 6 కడ్డీల దండెం: ఏడేళ్ల వాడకం తర్వాత

2018 ఆగస్టు 15 ఆఫర్లలో 31 వేలు పెట్టి 8 కిలోల ఫ్రంట్ లోడ్ (తలుపు ముందువైపు ఉండే) వాషింగ్ మెషిన్ కొన్నాం. అప్పటికి మా చిన్నదానికి నాలుగు నెలలు. ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, పసిపిల్లను చూసుకోవడానికని నంద్యాల నుంచి వచ్చి మాతోనే ఉండిపోయిన మా అమ్మ. ఉండేది బెంగళూరు పనత్తూరులో, అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు. వంట మా ఆవిడ, బట్టలు నేను అని పంచుకున్నాం. ఆ రోజు నేనేదో తెలివిగా బేరం కుదుర్చుకున్నాననుకున్నాను. బటన్ నొక్కితే అయిపోయే పని కదా!

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ఏడేళ్లలో పడ్డ తిప్పల్లో సగం ఏ ఫ్రంట్ లోడ్‌కైనా వచ్చేవే. మిగతా సగం మా బాల్కనీవి, మా నీళ్లవి.

ఉతుకు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అందులో నాకు ఫిర్యాదు లేదు. కొద్ది నీళ్లలోనే బట్టల్ని పైకెత్తి కింద పడేస్తూ ఉతుకుతుంది. 40 డిగ్రీల్లో పెడితే చొక్కా కాలర్లు, పిల్లల సాక్సులు చేత్తో రుద్దే పని లేకుండానే వస్తాయి. సబ్బు పొడుల్లో ఉండే ఎంజైములకు గోరువెచ్చటి నీళ్లయితేనే ఊపు. కరెంటు ఖర్చులో ఎక్కువ భాగం ఆ నీళ్లు కాచడానికే పోతుంది, డ్రమ్ము తిరగడానికి కాదు. అందుకే చెమట తప్ప వేరే మురికి లేని రోజువారీ బట్టలు చన్నీళ్లలోనే వేస్తాను. ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు పోయి జనరేటర్ మీద నడుస్తున్నప్పుడు హీటర్ ఆన్ అయితే మా ఫ్లాట్ ట్రిప్ అవుతుంది. చీకట్లో వెళ్లి స్విచ్ ఎత్తి రావాలి.

అసలు కథ కిలోలది. 8 కిలోలంటే పొడి కాటన్ బట్టల బరువు, అదీ కాటన్ ప్రోగ్రామ్‌లో వేస్తేనే. సింథటిక్ ప్రోగ్రామ్‌కి అందులో సగం, క్విక్ వాష్‌కి రెండు కిలోలు అని మా మాన్యువల్‌లోనే ఉంది. నేనది మూడో ఏడు చదివాను. అప్పటిదాకా క్విక్ వాష్‌లో డ్రమ్ము నిండా కూరేసి, మురికి పోలేదని సబ్బును తిట్టేవాడిని. తర్వాత పట్టుదలకొద్దీ, ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసుతో ఒక వారమంతా విడిచిన బట్టలు తూచాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. రోజుకు మూడున్నర నుంచి నాలుగు కిలోలు తేలింది. దుప్పట్లు, టవళ్లు విడిగా. వారానికి దగ్గర దగ్గర 30 కిలోలు.

మొదటి రెండేళ్లు ఇదంతా ఆదివారం వేసేవాణ్ని. పొద్దున్న ఆరుకి మొదలుపెడితే నాలుగు లోడ్లు. మెషిన్‌కి అలుపు లేదు. కానీ ఆరేసేదెక్కడ? బాల్కనీలో పైకప్పుకు బిగించిన దండెం, తాడు లాగితే కిందికి దిగే ఆరు కడ్డీలది, ఒక్కోటి ఆరడుగులు. ఒక లోడు ఆరేస్తే నిండిపోతుంది. రెయిలింగ్ మీద వేస్తే అసోసియేషన్ గ్రూపులో ఫొటో పెడతారు. దాంతో రెండో లోడు డైనింగ్ కుర్చీల మీదికి, మూడోది తలుపుల మీదికి, నాలుగోది డ్రమ్ములోనే రాత్రంతా. తెల్లారి మూత తీస్తే ముక్క వాసన. మళ్లీ ఉతుకు. ఇంటికొచ్చినవాళ్లు కూర్చోవాలంటే ముందు కుర్చీ మీద పంజాబీ డ్రెస్ తియ్యాలి.

మా ఇంటికి మెషిన్ సైజు ఎంత అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది 36 అడుగులు అని. రోజుకు ఎంత ఆరేయగలమో అంతే ఉతకగలం. షోరూంలో 8 కిలోలా, 9 కిలోలా అని గంటసేపు తేల్చుకున్నాం గానీ, దండెం ఎంత పొడుగని ఒక్కరం కూడా అనుకోలేదు.

2020 లాక్‌డౌన్‌లో అందరం ఇంట్లోనే ఉన్నప్పుడు పద్ధతి మార్చాను. రోజుకు ఒకే లోడు. రాత్రి పడుకోబోయే ముందు నింపి, పొద్దున్న ఐదున్నరకు పూర్తయ్యేలా టైమర్ పెడతాను. కాఫీ దిగేలోపు ఆరేయడం అయిపోతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే తీసేయడం. వారంలో రెండు రోజులు రెండో లోడు తప్పదు: బుధవారం పిల్లల తెల్ల యూనిఫాంలు, శనివారం దుప్పట్లు. తెల్లవాటిని వేరుగా ఎందుకు వేస్తానంటే, ఒకసారి మా ఆవిడ కొత్త పెడన కలంకారీ చున్నీని చూసుకోకుండా వాటితో పాటు వేసేశాను. రెండు యూనిఫాంలు లేత గులాబీ రంగుకి తిరిగాయి. పెద్దవాడు అవే వేసుకుని బడికి వెళ్లి వచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మడతల దగ్గర మేం ఇప్పటికీ ఓడిపోతూనే ఉన్నాం. ఆరిన బట్టలు సోఫాకి, సోఫా నుంచి మంచానికి, రాత్రి మంచం నుంచి మళ్లీ సోఫాకి తిరుగుతాయి. కొంత మేలు చేసింది రెండే. ఒకటి, మనిషికో బుట్ట: దండెం మీంచి తీస్తూనే ఎవరివి వారి బుట్టలో పడేస్తాను. మడత పెట్టుకుంటారో, బుట్టలోంచే తీసి కట్టుకుంటారో వాళ్ల ఇష్టం. రెండోది సాక్సులు. ఇద్దరు పిల్లలకీ ఒకే రంగు, ఒకే రకం డజను జతలు కొన్నాను. జత వెతికే పని పోయింది. ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు ఐదేళ్లు పట్టింది.

స్పిన్ గురించి ఒక మాట. మా మెషిన్ నిమిషానికి 1400 చుట్లు తిరుగుతుంది. మామూలు టాప్ లోడ్లలో ఇది 700 అటూ ఇటూ. ఏప్రిల్‌లో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, బెంగళూరు ఎండకు మధ్యాహ్నానికే ఆరిపోతాయి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మాత్రం అదే ప్రాణం. ఆ రెండు నెలలూ టవళ్లు, దుప్పట్లు, జీన్స్ 1400లో వేసి, ప్రోగ్రామ్ అయ్యాక మరోసారి స్పిన్ ఒక్కటే తిప్పుతాను. మా ఇంట్లో దాంతో పూట ముందే ఆరుతున్నాయి. చొక్కాలకు మాత్రం 800 చాలు, లేకపోతే ముడతలు ఇస్త్రీకి కూడా లొంగవు. సెల్లారులో ఇస్త్రీ చేసే మదనపల్లె ఆయన ఒకసారి మెత్తగా చెప్పాడు, "సార్, పిండేసినట్టుండే చొక్కాలు తేవద్దన్నా, కొంచెం తడి ఉన్నా పర్లేదు" అని. ఒక్కోదానికి ఎనిమిది రూపాయలు తీసుకుంటాడు. అది మాకు దండగ కాదు.

పక్క ఫ్లాట్ వాళ్ల డ్రయర్‌లో వానాకాలం రెండుసార్లు టవళ్లు వేయించుకున్నాం. దూదిలా వచ్చాయి. పెట్టే చోటు లేక కొనలేదు.

ఇక నీళ్లు. మా అపార్ట్‌మెంట్‌కి మొదట్నుంచీ బోరు, బోరు ఎండితే ట్యాంకరు. కుళాయిల మీద తెల్ల మచ్చలు, నల్ల టీషర్టుల మీద పొడి చారలు, టవళ్లు ఆరాక అప్పడాల్లా పెళపెళ. 2021లో అసోసియేషన్ నీళ్లు పరీక్ష చేయిస్తే గట్టిదనం లీటరుకు 540 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్లకు భారత ప్రమాణం ప్రకారం 200 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మాది దిక్కులేని కోవ! ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు పని సగం వాటితోనే సరిపోతుంది. పైగా నీళ్లు కాగితే కాల్షియం సున్నపు పెచ్చులా మారి హీటరుకు పడుతుంది. మూడో ఏడు మా హీటరు కాలిపోయింది. మెకానిక్ బయటికి తీసి చూపిస్తే, వెల్ల వేసిన కర్రలా ఉంది. 2,800 వదిలింది.

అప్పట్నుంచి రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో వంద గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి 60 డిగ్రీల్లో తిప్పి, తర్వాత ఉత్త నీళ్లతో ఒకసారి జాడిస్తున్నాను. కంపెనీలు ప్యాకెట్లలో అమ్మే పొడి చేసే పనీ ఇదే. నిమ్మ ఉప్పు కిలోల్లో కొనుక్కుంటే చౌక. ఎక్కువ వేస్తే బాగా పోతుందనుకోవద్దు, లోపల అల్యూమినియం, రబ్బరు కూడా ఉంటాయి. నీళ్లు వచ్చే పైపుకి బిగించే ఫిల్టరు కూడా వేశాను. అది నీళ్ల గట్టిదనాన్ని తీసేయదు, పెచ్చు కట్టకుండా చూస్తుంది, అంతే. మెత్తదనానికని పోసే సువాసన ద్రవం మానేశాం. టవలు మీద పొరలా పట్టుకుంటుంది, ఒళ్లు తుడిస్తే తడి పీల్చదు.

2024 మార్చి బెంగళూరులో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించిన నెల అది. మాకు పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్లు. రాత్రి టైమర్ పద్ధతి కుదరలేదు, మధ్యలో నీళ్లందక మెషిన్ ఆగి కూతపెట్టేది. అప్పుడే డ్రెయిన్ పైపు బకెట్లలో పెట్టి కొలిచాను. కాటన్ ప్రోగ్రామ్‌కి 20 లీటర్ల బకెట్లు మూడూ నిండి నాలుగోది కొంచెం తడిసింది. చివరి జాడింపు నీళ్లు దాదాపు శుభ్రంగానే ఉంటాయి, బాత్రూముల్లోకి అవే వాడాం. ఆ ఏడాది అక్టోబరులో కావేరి నీళ్ల పథకం అయిదో దశ మొదలైంది. మా కనెక్షన్ వచ్చేసరికి మరికొన్ని నెలలు పట్టింది. ఇప్పుడు సగం కావేరి, సగం బోరు. సబ్బు పొడి మూడు చెంచాల నుంచి రెండుకు తగ్గింది. టవళ్లు కాస్త వంగుతున్నాయి.

మరకలకు మెషిన్‌ని నమ్ముకోవద్దు. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. వరలక్ష్మీ వ్రతం నాటి జాకెట్టు చూసి మొదటిసారి నేను రక్తమనుకుని కంగారుపడ్డాను. ఉతికి, తడిగానే ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. రక్తం, పాల మరకలకు ముందు చన్నీళ్లే, వేడి తగిలితే అతుక్కుపోతాయి. ఆవకాయ నూనెకు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రుద్ది, నురగంతా చేత్తో కడిగేశాకే లోపల వేయాలి. లేదంటే ఫ్రంట్ లోడ్‌లో నురగ పొంగి ప్రోగ్రామ్ గంట లాగుతుంది.

రెండు అలవాట్లు తప్పవు. ఉతుకు అయ్యాక తలుపు ఓరగా తెరిచి ఉంచడం, రబ్బరు మడతల్లో గుడ్డతో తుడవడం. మేం మొదటి ఏడాది చేయలేదు, ఆ నల్ల బూజు మరకలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక కింద చిన్న మూత వెనకాల పంపు ఫిల్టరు. నెలకోసారి తీస్తాను, కింద పళ్లెం పెట్టుకుని. ఇప్పటిదాకా దొరికినవి: పద్నాలుగు రూపాయల చిల్లర, లెక్కలేనన్ని హెయిర్‌పిన్నులు, ఒక పలక బలపం, పోయిందని పనమ్మాయిని అనుమానించిన మా ఆవిడ చెవి దుద్దు. ఆ అమ్మాయికి ఆవిడ ఆ సాయంత్రమే వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చింది.

పెద్ద రిపేరు ఆరో ఏడు వచ్చింది. స్పిన్‌లో చప్పుడు. డ్రమ్ము వెనక మూడు కాళ్ల అల్యూమినియం పట్టీ తినేసినట్టు పాడైపోయింది, బేరింగు అరిగింది. సర్వీసు సెంటరు వాళ్లు డ్రమ్ము మొత్తం మార్చాలి, 11 వేలు అన్నారు. ఎక్స్చేంజ్‌లో కొత్తది తీసుకోండి సార్ అని కూడా అదే నోటితో అన్నారు. బయటి మెకానిక్ పట్టీ, బేరింగు మార్చి 5,200 తీసుకున్నాడు. ఏడాదిన్నర గడిచింది, చప్పుడు మళ్లీ మొదలైంది. దగ్గర్లోనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం కాబట్టి, ఏది విమానమో ఏది మెషినో పోల్చుకోవడం మా చిన్నదానికి ఆటైపోయింది.

మా అమ్మ మాత్రం ఈ ఏడేళ్లలో తన మడి చీర ఒక్కసారి కూడా అందులో వేయలేదు. "సాక్సులు తిరిగిన దాంట్లో నా మడి బట్టా, నాయనా?" అంటుంది. బాత్రూములో చేత్తో జాడించుకుని, ఎవరూ తగలకుండా పాత కర్రతో పైకెత్తి తన గదిలో కట్టిన తాడు మీద వేసుకుంటుంది. వానాకాలం అది ఆరక, పొద్దున్న పూజ ఆలస్యమైందని నా మీద కోపం.

ఈ మెషిన్ దసరా దాకా లాగితే చాలు, ఆ ఆఫర్లలో మళ్లీ 8 కిలోల ఫ్రంట్ లోడే కొంటాను. 10 కిలోలది వద్దు. దానికి ముందు, పోయిన వారమే బాల్కనీ రెండో వైపు ఇంకో ఆరు కడ్డీల దండెం బిగించాను. గోడ వైపు కడ్డీ తనదని, దాని మీద ఎవరి బట్టలూ పడకూడదని మా అమ్మ అప్పుడే చెప్పేసింది.