పూసల కిట్టా, చింతపిక్కలా?

మా నాలుగేళ్ల పాపకు లెక్కలు నేర్పడానికి ముందు మాంటిస్సోరి (వస్తువుల్ని చేత్తో పట్టుకుని నేర్చుకునే పద్ధతి) పూసలు కొన్నాం. విడి పూస 1, పది పూసలు గుచ్చిన కడ్డీ 10, పది కడ్డీల పలక 100, పది పలకల దిమ్మ 1000. వెయ్యి ఎంత బరువో చేతికే తెలుస్తుంది. ఆ సుగుణం చింతపిక్కలకు లేదు. ధర మాత్రం మన గుంటూరు మిరపకాయే!

బ్రాడీపేటలో మా అత్తయ్యగారు అటక మీంచి వామనగుంటల పీట దించారు. 14 గుంటలు, గుంటకు 5 చింతపిక్కలు, మొత్తం 70. గుంటకొకటి చొప్పున పంచుతూ పోతే ఒకదానికొకటి జతపరచడం ఆటలోనే వచ్చేస్తుంది. “ఇందులో ఎన్నున్నాయే బంగారం?” అంటే ఇప్పుడు లెక్కపెట్టకుండానే “మూడు” అంటోంది. పిక్కల్ని నీళ్లలో వేస్తే పుచ్చినవి తేలతాయి, గట్టివి మునుగుతాయి. పూసలతో ఈ సైన్సు కుదరదు.

మూడేళ్లలోపు వాళ్లుంటే రెండూ అందనివ్వకండి, ముక్కులో దూర్చుకుంటారు. నా ఓటు పిక్కలకే. పూసలు పదుల స్థానం మొదలయ్యాక బయటికి తీయొచ్చు.