స్పీడ్ టెస్ట్‌లో వంద చూపించిందని ఏడాది ప్లాన్ కట్టేయకండి

కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోబోతున్నవారు, ముఖ్యంగా ‘అన్‌లిమిటెడ్’ అన్న మాట చూసి ఏడాది డబ్బు ఒకేసారి కట్టడానికి సిద్ధపడుతున్నవారు కాస్త ఆగి ఇది చదవండి. నేను కట్టేశాను. కట్టాక తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

సెకనుకు 100 మెగాబిట్ల ప్లాన్. మొదటి రెండు వారాలు వంక పెట్టడానికి లేదు. ఆ తరువాత రాత్రి ఎనిమిది దాటితే చాలు, వీడియో కాల్‌లో అవతలి మనిషి ముఖం గళ్లుగళ్లుగా విడిపోవడం మొదలైంది. పని ఫైళ్లను క్లౌడ్‌లోకి పంపిస్తే 43 శాతం దగ్గర ఆగి కదలదు. అదే సమయంలో ప్రొవైడర్ సొంత వీడియో యాప్ తెరిస్తే మాత్రం సినిమా నిండు నాణ్యతతో, ఒక్క క్షణం తడబడకుండా నడుస్తుంది. నాకు అప్పుడు అనుమానమే రాలేదు. పైగా ‘యాప్ ఎంత బాగా చేశారో’ అని మెచ్చుకున్నాను.

ఫిర్యాదు చేస్తే ఒక టెక్నీషియన్ వచ్చాడు. మర్యాదస్తుడే. రూటర్ ఆపి మళ్లీ వేశాడు, కేబుల్ పీకి మళ్లీ పెట్టాడు, తన ఫోనులో స్పీడ్ టెస్ట్ నడిపాడు. ముల్లు సర్రున లేచి 97 దగ్గర నిలబడింది. “చూడండి, లైను శుభ్రంగా ఉందండీ. లోపం మీ కంప్యూటర్‌లోనే ఉండాలి” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పక్కనే నా స్క్రీన్ మీద ఆ 43 శాతం అలాగే ఉంది. ఇద్దరమూ దాన్ని చూశాం, ఇద్దరమూ ఏమీ అనలేదు. అతను గుమ్మం దాటకముందే ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని నా ఫోనుకు సందేశం వచ్చింది.

నెట్‌వర్క్ పనుల్లో ఉన్న స్నేహితుడొకరు ఈ కథంతా విని ఒకే సలహా ఇచ్చాడు: వీపీఎన్ వేసి చూడు. వీపీఎన్ అంటే మన డేటా ఎక్కడికి వెళ్తోందో ప్రొవైడర్‌కు కనిపించకుండా, వేరే సర్వర్ గుండా పంపే సేవ. డేటా అలా చుట్టుదారిన వెళ్తుంది కాబట్టి వేగం ఎంతో కొంత తగ్గాలి. నా దగ్గర తిరగబడింది. చతికిలబడిన ఫైలు లేచి పరుగెత్తి పది నిమిషాల్లో పూర్తయింది. యాదృచ్ఛికమేమో అనుకుని వరుసగా ఐదు రాత్రులు, ఒకే సమయానికి, ఒకే ఫైలును వీపీఎన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి పంపి కాగితం మీద రాసుకున్నాను. ఐదు రాత్రులూ అదే ఫలితం. మా ఇంటికి వచ్చే తీగ ఒక్కటే, వేగాలు రెండు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. వీపీఎన్‌తో వేగం పెరిగినంత మాత్రాన ప్రొవైడర్ కావాలనే తొక్కిపెట్టాడని రుజువైనట్టు కాదు. ప్రొవైడర్ నెట్‌వర్క్ బయటి నెట్‌వర్క్‌లతో కలిసే కూడళ్లు ఉంటాయి. అందులో ఒకటి నిండిపోతే, వీపీఎన్ వేరే కూడలి గుండా తీసుకెళ్లడం వల్ల కూడా వేగం పెరగవచ్చు. అయితే ఆ నిండిన కూడలిని వెడల్పు చేయకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమూ ఒక వ్యాపార సూత్రమే. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ వీడియోలు కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ ప్రొవైడర్ వినియోగదారులకు నత్తనడక నడిచిన రోజుల్లో తగవు సరిగ్గా ఈ కూడళ్ల గురించే. 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ కామ్‌కాస్ట్‌కు డబ్బు చెల్లించడానికి ఒప్పుకుంది, వేగం పెరిగింది.

మరి స్పీడ్ టెస్ట్‌లో 97 ఎలా వచ్చింది? స్పీడ్ టెస్ట్ సర్వర్ చాలాసార్లు ప్రొవైడర్ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. వీధి చివరి దాకా ఎంత వేగంగా పరుగెత్తగలరో కొలిచి, పక్క ఊరికి అంతే వేగంగా చేరతారని చెప్పడం లాంటిది అది. పైగా మీరు ఏ సైటుకు వెళ్తున్నారో ప్రొవైడర్ చాలావరకు కనిపెట్టగలడు. లోపలి సమాచారాన్ని ఎన్‌క్రిప్షన్ (గుప్తలిపిగా మార్చడం) వల్ల చదవలేకపోయినా, కనెక్షన్ మొదలయ్యే క్షణంలో సర్వర్ పేరు సాధారణంగా బయటకే కనిపిస్తుంది. కవరు లోపలి ఉత్తరం కనిపించకపోయినా చిరునామా కనిపించినట్టే. చిరునామా చూసి ఏ ఉత్తరాన్ని ముందు పంపాలో, దేన్ని బల్ల మీద పెట్టాలో నిర్ణయించే యంత్రాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. స్పీడ్ టెస్ట్ చిరునామా గుర్తుపట్టడం వాటికి లెక్కలోది కాదు.

అలా నిర్ణయించకూడదు, ఎవరి డేటా అయినా ఒకే రకంగా మోయాలి అనేదే నెట్ న్యూట్రాలిటీ. 2003లో టిమ్ వూ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు పెట్టిన పేరు ఇది. 2007లో కామ్‌కాస్ట్ తన వినియోగదారుల బిట్‌టొరెంట్ (కంప్యూటర్ల మధ్య నేరుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) కనెక్షన్లను, అవతలి కంప్యూటరే తెంపుకున్నట్టు దొంగ సంకేతాలు పంపి తెంచిన సంగతి బయటపడింది. దాన్ని మొదట పసిగట్టింది ఏ అధికారీ కాదు, తన ఫైళ్లు ఎందుకు వెళ్లడం లేదో పట్టు వదలకుండా వెతికిన ఒక వినియోగదారుడు. అందుకే నా ఐదు రాత్రుల కాగితాన్ని చూసి నవ్వకండి.

చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండేవారికి ఒక్క మాట. చట్టం దేశానికో రకంగా ఉంది. చిలీ 2010లోనే చట్టం చేసింది, యూరోపియన్ యూనియన్ 2015లో. మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న, ఏం చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ ఇక్కడ ఆగిపోయింది అందువల్లే. 2018లో టెలికాం శాఖ నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది. అమెరికా సంగతి తక్కెడ ఊగినట్టు ఉంటుంది: 2015లో గట్టి నిబంధనలు, 2017లో రద్దు, 2024లో పునరుద్ధరణ, 2025 జనవరిలో కోర్టు కొట్టివేత. పైగా నిబంధన ఉన్న చోట కూడా ‘సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణ’ (నెట్‌వర్క్‌లో డేటా రాకపోకలను సర్దడం) అనే మినహాయింపు ఉంటుంది. ఆ సహేతుకం ఎంతవరకన్నది ఇంట్లో కూర్చుని తేల్చగలిగే సంగతి కాదు.

నా ఒప్పందంలోనూ ఆ మాట ఉంది. పదకొండో పేజీలో. రద్దీ వేళల్లో ‘కొన్ని రకాల ట్రాఫిక్’ ప్రాధాన్యాన్ని మార్చే హక్కు కంపెనీకి ఉందట. ఏ రకాలో లేదు, ఏ వేళలో లేదు. దాని కిందే ఇంకో వాక్యం: నెలలో ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తారు. అన్‌లిమిటెడ్ అంటే అర్థం అది. 2018లో కాలిఫోర్నియాలో భారీ కార్చిచ్చుతో పోరాడుతున్న శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక శాఖకు కూడా అలాంటి అన్‌లిమిటెడ్ ప్లానే ఉంది. మంటల మధ్య వెరైజన్ అనే టెలికాం కంపెనీ ఆ శాఖ డేటా వేగాన్ని తొక్కేసింది. తరువాత పొరపాటని ఒప్పుకుంది. అగ్నిమాపక శాఖకే దిక్కు లేనప్పుడు నా క్లౌడ్ ఫైళ్లను ఎవరు పట్టించుకుంటారు?

అందుచేత, ఎంత తగ్గింపు ఇస్తామన్నా మొదట నెల ప్లానే తీసుకోండి. ఆ నెలలో మధ్యాహ్నం కాదు, రాత్రి రద్దీ వేళలో పరీక్షించండి. వైఫైతో కాదు, కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి. లేకపోతే సగం తప్పు మీ గోడలదే అయి ఉంటుంది, వాళ్లు ఆ మాటే అంటారు. వాళ్లు చూపించిన స్పీడ్ టెస్ట్‌తో ఆగకుండా నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్ కూడా నడపండి. అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే కొలుస్తుంది కాబట్టి వీడియో ట్రాఫిక్‌ను తొక్కుతుంటే అక్కడ బయటపడే అవకాశం ఎక్కువ. వెహే అనే యాప్ ఇంకా నేరుగా పట్టుకుంటుంది: ఒక యాప్ ట్రాఫిక్‌ను ఒకసారి గుర్తుపట్టగలిగేలా, మరోసారి గుర్తుపట్టలేకుండా మార్చి పంపి రెండు వేగాలనూ పోల్చి చూపిస్తుంది. నేను కాగితం మీద పడ్డ తంటా అంతా అది కొద్ది నిమిషాల్లో చేస్తుంది. నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంకొకటి, మెగాబిట్లను మెగాబైట్లుగా పొరబడి గొడవకు దిగకండి. 100 మెగాబిట్లంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే. ఆ తప్పు నేను మొదటి ఫోన్ కాల్‌లో చేసి పరువు పోగొట్టుకున్నాను. ఆ తరువాత కస్టమర్ కేర్ వాళ్లు నేను చెప్పిన ఏ మాటనూ లెక్కచేయలేదు.

ఐదు రాత్రుల వివరాలు జతచేసి ఫిర్యాదు రాతపూర్వకంగా పంపాను. తప్పు ఒప్పుకోలేదు, ‘సాంకేతిక సర్దుబాటు చేశాం’ అని జవాబిచ్చారు. నిజంగానే తొమ్మిది రోజులు అన్నీ బాగా నడిచాయి. పదో రోజు రాత్రి మళ్లీ గళ్లముఖాలు. మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు తిరిగి రాదని అదే ఒప్పందంలో, ఈసారి పన్నెండో పేజీలో ఉంది. గడువు ఇంకా నాలుగు నెలలు. రోజూ ఎనిమిది కాగానే వీపీఎన్ వేసుకుంటున్నాను. దానికీ నెలనెలా విడిగా కడుతున్నాను.