ఊరు కాదు, టౌన్‌ల్యాండ్: లీట్రిమ్‌లో మూడు రాత్రులు

ఐర్లండ్‌లో అన్ని కౌంటీల కన్నా తక్కువ జనం ఉన్నది లీట్రిమ్‌లో. 2022 జనాభా లెక్కల్లో 35 వేల పైచిలుకు, అంతే. మన మండలాల్లో చాలావాటికి ఇంతకంటే ఎక్కువే ఉంటారు. డబ్లిన్‌లో ఐదేళ్లుగా ఉంటున్నా అటు వెళ్లలేదు. మొన్న వేసవిలో మా ఆవిడ పట్టుబట్టి బయల్దేరదీసింది.

బస డ్రమ్‌షాన్బో దగ్గర ఒక రైతు ఇంట్లో. చిరునామాలో ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు. ఒక టౌన్‌ల్యాండ్ పేరు మాత్రం ఉంది. అదేదో పల్లె అనుకున్నాను. కాదు. టౌన్‌ల్యాండ్ అంటే భూమికి పెట్టుకున్న పేరు, మన రెవెన్యూ గ్రామం కన్నా చిన్నది. దుకాణం ఉండాలనే లేదు, కొన్నిటిలో ఇళ్లు కూడా ఉండవు. ఐర్లండ్ దీవి అంతటా ఇలాంటివి 60 వేలకు పైనే. డ్రమ్ అని మొదలైతే గుట్ట వెన్ను అని అర్థం. కిల్ అని ఉంటే చర్చి కావచ్చు, అడవి కావచ్చు; ఐరిష్‌లో వేరువేరు మాటలు ఇంగ్లీషు రాతలో ఒకటైపోయాయి.

ఫోనులోని మ్యాపు మమ్మల్ని ఆ టౌన్‌ల్యాండ్ నడిమధ్యకు తీసుకెళ్లి, గమ్యం చేరుకున్నారని చెప్పి ఊరుకుంది. చుట్టూ ఆవులు. దారి మధ్యలో మోకాలెత్తు గడ్డి, రెండు పక్కలా ముళ్లపొదలు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. రెండు వందల మీటర్లు వెనక్కి నడిపి గేటు దగ్గర ఒదిగాను. దాటిపోతూ ఆ రైతు స్టీరింగు మీది నుంచి ఒక్క వేలు లేపాడు. అక్కడ నమస్కారం అంతే. 2015 నుంచి ప్రతి ఇంటికీ అక్షరాలూ అంకెలూ కలిపి ఏడుండే ఐర్‌కోడ్ అనే పోస్టల్ కోడ్ ఉంది. బుక్ చేసిన రోజే అది అడిగి రాసుకోండి. మేం అడగలేదు, గంట పోయింది.

గది శుభ్రంగా ఉంది, ఉదయం సోడా రొట్టె పొయ్యి మీద నుంచి నేరుగా బల్ల మీదికి వచ్చింది. హీటరు మాత్రం అడిగితే గాని వేయలేదు. జూలైలో హీటరేమిటని ఆ ఇల్లాలు నవ్వింది, మేం స్వెటర్లలో ఉన్నాం.

చూసినవాటిలో నాకు బాగా నచ్చింది పక్క రాస్‌కామన్ కౌంటీలోని ఆరిగ్నా బొగ్గుగని. 1990లో మూతపడింది. బొగ్గు పొర ఎంత సన్నమంటే కార్మికులు పక్కకు ఒరిగి పడుకునే తవ్వేవారట. మా గైడు అందులో పనిచేసినవాడే. చేయి చాచి చూపించిన ఎత్తు మా బల్ల కన్నా తక్కువ. కారిక్-ఆన్-షానన్‌లోని కాస్టెల్లో చాపెల్ మన ఇంట్లో గదంత ఉంటుంది. 1879లో భార్య జ్ఞాపకార్థం ఒక వ్యాపారి కట్టించాడు. నేలలో మందపాటి గాజు కింద ఇద్దరి శవపేటికలూ ఇప్పటికీ కనిపిస్తాయి. మా ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయింది. గ్లెన్‌కార్ జలపాతానికి కారు దిగి ఐదు నిమిషాల నడక. వాన వెలిసిన వెంటనే వెళితేనే నిండుగా ఉంటుంది, వానకేమో అక్కడ కొరత లేదు.

కారు లేనివారికి లోకల్ లింక్ చిన్న బస్సులున్నాయి గాని రోజుకు కొన్నే. వేళలు ముందే చూసుకోవాలి. అలాంటివారు కారిక్‌లోనే దిగడం మేలు: డబ్లిన్–స్లైగో రైలు అక్కడ ఆగుతుంది, షానన్ నది నడిచేంత దూరం. వచ్చే ఏడాది మా అమ్మానాన్నలు వస్తే నేనూ వాళ్లను అక్కడే ఉంచుతాను. ఆ గడ్డి దారిలో మళ్లీ వెనక్కి నడపడం నా వల్ల కాదు.