ఊక బెండ్లకు ఫిన్నీ లెక్క: ఆరేళ్లు వాడాక

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. రైస్ మిల్లులకు ఊక తోలే గొట్టాలు, అవి మలుపు తిరిగే చోట పెట్టే వంపు ముక్కలు, అంటే బెండ్లు చేసిస్తాం. ఊకలో సిలికా ఎక్కువ, గాలిలో దూసుకొచ్చి ఇనుముని నాకేస్తుంది. ఏ బెండు ఎన్నాళ్లు వస్తుందో ముందే తెలుసుకుందామని 1960లో ఇయాన్ ఫిన్నీ అనే ఇంజనీరు ప్రచురించిన అరుగుదల సూత్రాన్ని ఎక్సెల్‌లో ఎక్కించుకున్నాను. రేణువు చిన్న ఉలిలా లోహాన్ని చెక్కుతుందన్నది ఆయన ఊహ.

వేగం విషయంలో దీనికి తిరుగులేదు. తెనాలి వైపు ఒక మిల్లులో బెండు సీజన్ మధ్యలోనే చిల్లు పడేది. ఓనరు మందం రేకు వెయ్యమన్నాడు. నేను బ్లోవర్ పుల్లీ మార్చి గాలి వేగం 20 శాతం తగ్గించాను. అరుగుదల వేగం వర్గాన్ని బట్టి ఉంటుందంటాడు ఫిన్నీ, అంటే 36 శాతం తగ్గాలి. ప్రయోగాల్లో ఘాతాంకం రెండుకంటే ఎక్కువే వస్తుంది కాబట్టి నేను 2.4 వేసుకుంటాను, అప్పుడు 41. బెండు సీజన్ దాటింది. ఇంకా తగ్గిస్తే ఊక గొట్టంలోనే కూర్చుంటుంది, అదో తలనొప్పి.

పాత బెండు కోసి చూస్తే బయటి వంపు లోపల కృష్ణ ఒడ్డు ఇసుకలా అలలు అలలు, చిల్లు అంచు బ్లేడంత పలచన. ఊక ఏటవాలుగా తగిలే ఆ చోటునే సూత్రమూ చూపించింది.

నేను దెబ్బ తిన్నది ఊక గదిలో, గొట్టం మూతికి ఎదురుగా పెట్టే అడ్డరేకు దగ్గర. అక్కడ ఊక సూటిగా, 90 డిగ్రీల్లో తగులుతుంది. ఆ కోణానికి సూత్రం అరుగుదల సున్నా అంటుంది. నమ్మి పలచటి రేకు వేశాను. నాలుగు నెలలకు ఫోన్: "ఏమయ్యా, మీ కంప్యూటర్‌కి మా రేకు కనబళ్లేదా?" దెబ్బలకు నలిగి పోయే లోహాన్ని కూడా 1963లోనే బిట్టర్ అనే పరిశోధకుడు లెక్కలో కలిపాడు. నేనే ఆలస్యంగా చదివాను.

గట్టిదనం దగ్గరా జేబుకి చిల్లు పడింది. అది రెట్టింపైతే అరుగుదల సగమవ్వాలట. కాల్చి ముంచి గట్టిపరిచిన స్టీలు వేస్తే మామూలు రేకుకీ దానికీ పెద్ద తేడా లేదు. శుద్ధ లోహాలకు కుదిరే ఆ పోలిక ఇలాంటి స్టీలుకి కుదరదని ఫిన్నీ వాళ్లే తర్వాత చూపించారు. మా వెల్డర్ బాబాయ్ వేసిన హై క్రోమ్ పూత మాత్రం వంపులో బాగా ఆగింది, అడ్డరేకు మీద పెచ్చులూడింది.

మొత్తమ్మీద ఈ సూత్రానికి ఐదుకి మూడున్నర మార్కులు ఇస్తాను. ఇప్పుడు సూత్రంలో వేసే స్థిరాంకం పుస్తకంలోంచి తీసుకోను, మొదటి నెల థిక్‌నెస్ గేజ్ రీడింగుల నుంచే కట్టుకుంటాను. ఉయ్యూరు బెండుకి అలా వేస్తే చిల్లు పడేది జనవరి ఆఖరు అని వచ్చింది. ఫిబ్రవరి మొదటి వారంలో దుమ్ము సన్నటి దారంలా కారడం మొదలైంది.