బెంగళూరులో నీలి తాండూరు బండలు కొంటున్నారా? లోడు దించకముందే కొలవండి

వాకిలికి, కారు పార్కింగుకి, తోటలో నడిచే దారికి నీలి తాండూరు బండలు తీసుకునేవాళ్ళు ఇది చూసుకోండి. వైట్‌ఫీల్డ్ వైపు ఒక డీలరు 2×2 అడుగుల సైజు, 25 ఎంఎం మందం అని డబ్బు తీసుకుని పంపిన లోడులో బండ 22 అంగుళాలే ఉంది. మందం 18 నుంచి 21. అడిగితే "ట్రేడులో 2×2 అంటే అంతే సార్, అంచు కోతకి పోతుంది" అని జవాబు.

లెక్క చూడండి. 22×22 అంటే 3.36 చదరపు అడుగులు, బిల్లేమో 4కి. వంద బండలకి 400 అడుగుల డబ్బు కడితే చేతికొచ్చేది 336. నూటికి 16 రూపాయలు గాలికి! పలచటి బండతో వచ్చే నష్టం వేరే: కింద సిమెంటు మాలు సరిగ్గా పడక గుల్ల మిగిలితే కారు చక్రం ఎక్కగానే పగులుతుంది.

మందం పట్టుకోవడానికి తేలిక దారి లోడు తూచి ఇచ్చే కాటా చీటీ. 25 ఎంఎం అయితే చదరపు అడుగు సుమారు 6 కిలోలు, 20 అయితే 5 లోపే. 400 అడుగుల లోడు 2.4 టన్నుల దగ్గర తూగాలి. 1.6 చూపిస్తే సైజూ, మందం రెండూ తగ్గినట్టే, ఇక టేపు తీయక్కర్లేదు.

రంగు దగ్గర ఇంకో మాయ. యార్డులో నీళ్ళు కొట్టో, నూనె పూసో చూపిస్తారు. ఆరాక అదే బండ బూడిద రంగులోకి దిగుతుంది. మూల విరగ్గొట్టించి లోపలి రంగు చూడండి. థిన్నర్ గుడ్డతో తుడిస్తే నూనె గుడ్డకి వచ్చేస్తుంది. రాజస్థాన్ కోటా రాయి అని ఎక్కువ రేటు చెప్పి, యాసిడ్ చుక్క వేసి నురగ చూపిస్తే పడిపోకండి. కోటా, తాండూరు, షాబాదు, కడప అన్నీ సున్నపురాళ్ళే, అన్నిటికీ నురగొస్తుంది. ఆ యాసిడ్‌తోనే మేస్త్రీలు సిమెంటు మరకలు కడిగేస్తారు, దగ్గరుండి ఆపండి. పైపొర తినేసి తెల్లగా, గరుగ్గా తేలుతుంది, మళ్ళీ పాలిష్ పట్టిస్తే గానీ పోదు.

సుత్తితో తట్టితే ఖంగుమనాలి. మొద్దుగా మోగిన బండ లోపల పొర విడి ఉంటుంది, ఎండావానల్లో పెచ్చు లేస్తుంది.

డీలరు తెలుగులో మాట్లాడాడు కదా అని మొహమాటపడకుండా నెట్ సైజు (కోత పోను మిగిలే అసలు కొలత), కనీస మందం బిల్లు మీద రాయించండి. అడ్వాన్సు పోను మిగతాది కొలత అయ్యాకే. పైవరుస ఎప్పుడూ బాగానే ఉంటుంది, మధ్యలోంచి పది బండలు తీయించి కొలవండి.