జూలై 14కి మూడు బ్రాందీల గిఫ్ట్ బాక్స్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఫ్రాన్స్‌లో ఉంటున్న మనవాళ్లకి, అందులోనూ జూలై 14న ఫ్రెంచ్ కొలీగ్స్ ఇంటికి భోజనానికి వెళ్తూ ఓ మంచి సీసా పట్టుకెళ్దాం అనుకునేవాళ్లకి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో మద్యం అమ్మే ఒక షాపు జాతీయ దినోత్సవం పేరు చెప్పి మూడు సీసాల బాక్స్ అమ్ముతోంది. పైన నీలం, తెలుపు, ఎరుపు రిబ్బన్. "కోన్యాక్ సీమ నుంచి ఎక్స్‌ఓ, 1984 ఆర్మన్యాక్, నార్మండీ కాల్వడోస్" అని ప్రకటన. కోన్యాక్, ఆర్మన్యాక్ అంటే ఆ పేర్లున్న ఫ్రెంచ్ ప్రాంతాల ద్రాక్ష బ్రాందీలు, కాల్వడోస్ అంటే ఆపిల్ బ్రాందీ, ఎక్స్‌ఓ అంటే పీపాల్లో చాలా ఏళ్లు ముదిరిందని చెప్పే గుర్తు. ధర 99 యూరోలు. నాకొచ్చిన బాక్సులో ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చెప్పినట్టు లేదు.

మొదటి సీసా చూడ్డానికి మాత్రం రాజాలా ఉంది. బరువైన గాజు, బంగారు రంగు అక్షరాల్లో 'నెపోలియన్ ఎక్స్‌ఓ'. వెనక్కి తిప్పితే, బార్‌కోడ్ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'ఫ్రెంచ్ బ్రాందీ, 36 శాతం' అని ఉంది. కింద అడ్రస్‌లో 16తో మొదలయ్యే పోస్టల్ కోడ్, అంటే షారాంత్ జిల్లాది. కోన్యాక్ ఊరు ఉన్నది ఆ జిల్లాలోనే కాబట్టి "కోన్యాక్ సీమ నుంచి" అన్న మాట అబద్ధం కాదట! నెయ్యి డబ్బా మీద ఆవు బొమ్మ పెద్దగా వేసి, కింద వనస్పతి అని చిన్నగా రాసినట్టుంది యవ్వారం.

కోన్యాక్ అని రాయాలంటే ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. యూరప్ చట్టం ప్రకారం మామూలు బ్రాందీకైతే 36 చాలు. లేబుల్ మీద 36, 38 కనిపించిందంటే అది కోన్యాక్ కాదు, ఇంకేమీ చదవక్కర్లేదు. కోన్యాక్‌కి ద్రాక్ష షారాంత్ చుట్టుపక్కల హద్దులు గీసిన ప్రాంతంలోనే పండాలి, రాగి బట్టీలో రెండుసార్లు కాచాలి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు ఉండాలి. మామూలు బ్రాందీకి ఈ కట్టుబాట్లేవీ లేవు. చిన్న పీపాల్లో ఆరు నెలలు నిలవుంచినా సరిపోతుంది.

ఇక ఆ ఎక్స్‌ఓ సంగతి. కోన్యాక్ మీద వీఎస్ అనే వయసు గుర్తు ఉంటే అందులో కలిపిన బ్రాందీల్లో అన్నిటికంటే చిన్నదానికి పీపాలో రెండేళ్లు నిండి ఉండాలి. వీఎస్‌ఓపీకి నాలుగేళ్లు, నెపోలియన్‌కి ఆరేళ్లు. ఎక్స్‌ఓకి కూడా ఒకప్పుడు ఆరేళ్లే ఉండేది, 2018 నుంచి పదేళ్లు చేశారు. కోన్యాక్ అన్న పేరు లేని సీసా మీద ఇవే అక్షరాలు కనిపిస్తే ఈ లెక్క వర్తించదు. మన ఊళ్లలో వైన్ షాపు అరల నిండా ఎక్స్‌ఓలు, వీఎస్‌ఓపీలు చూసి పెరిగినవాళ్లం కదా, ఆ అక్షరాలు కనపడగానే నమ్మేస్తాం. అమ్మేవాడికి కావలసిందీ అదే.

నాకు ఎక్కువ ఒళ్లు మండింది రెండో సీసా దగ్గర. మమ్మల్ని భోజనానికి పిలిచినాయన 1984లో పుట్టారు. పుట్టిన సంవత్సరం ఆర్మన్యాక్ బహుమతిగా ఇవ్వడం ఇక్కడ బాగా ఉన్న అలవాటే. నేను ఈ బాక్స్ తీసుకున్నదే దానికోసం. సీసా మీద 1984 అని ఇంత లావున ఉంది. కింద సన్నగా 'స్థాపితం' అని ఫ్రెంచ్‌లో ఉంది. అంటే అది ఆ కంపెనీ పెట్టిన సంవత్సరం! లోపల ఉన్నది వీఎస్. ఆర్మన్యాక్‌లో వీఎస్ అంటే పీపాలో ఒక్క ఏడాది ఉంటే చాలు. నలభై ఏళ్ల పైబడిన సరుకని చెప్పి ఏడాది దాన్ని అంటగట్టారన్నమాట.

నిజమైన సంవత్సరం ఆర్మన్యాక్ అయితే ఆ అంకె ద్రాక్ష కోసిన సంవత్సరం. పీపాలో కనీసం పదేళ్లు ఉండనిదే దాన్ని సంవత్సరం పేరుతో అమ్మకూడదు. సీసాలో నింపిన తేదీ కూడా చాలామంది రాస్తారు, అది తప్పకుండా అడగండి. వైన్‌లా కాదు, బ్రాందీ గాజులోకి వచ్చాక ముదరదు. 1984లో కాచి 1996లో సీసాలో పోస్తే దాని వయసు పన్నెండేళ్లే, అది ఇంకెన్నాళ్లు అలమారాలో ఉన్నా సరే.

మూడోదాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కాల్వడోస్ కలిపిన తియ్యటి లిక్యోర్, 18 శాతం, అదీ అర లీటరు సీసా. అసలు కాల్వడోస్ 40 శాతానికి తగ్గదు, కనీసం రెండేళ్లు ఓక్‌లో ఉంటుంది. నార్మండీలోని ఒక ప్రాంతం పేరు పేయి దోజ్ అని రాసి ఉంటే ఇంకా మంచిది, దాన్ని రెండుసార్లు కాస్తారు.

ఈ 99 యూరోలకి ఏం కొనచ్చంటే, నా మటుకు నేను మూడు సీసాల మోజు వదిలేసి ఒకటే మంచిది తీసుకోమంటాను. జూలై ఎండల్లో ఎక్స్‌ఓ అనవసరం. చిన్న రైతు దగ్గర తయారైన వీఎస్‌ఓపీ కోన్యాక్, నిండా ఐస్, కాస్త టానిక్ ఉంటే బాణసంచా మొదలయ్యేదాకా హాయిగా గడిచిపోతుంది. దాని మీద 'ఫిన్ షాంపేన్' అని కనిపిస్తే కంగారు పడకండి, బుడగల షాంపేన్‌కి దీనికి సంబంధం లేదు. కోన్యాక్ సీమలోనే గ్రాండ్ షాంపేన్, పెటిట్ షాంపేన్ అనే రెండు ప్రాంతాల సరుకు కలిపారని, అందులో సగమైనా గ్రాండ్ షాంపేన్‌దని అర్థం. పెద్దాయనకి బహుమతి అంటే మాత్రం బా-ఆర్మన్యాక్ (ఆర్మన్యాక్ సీమలోనే ఒక భాగం) చూడండి, వీధిలో ఉండే వైన్ దుకాణంవాడిని అడిగితే సీసా చేతికిచ్చి చూపిస్తాడు. మీరే వెనక్కి తిప్పి చదువుకోవచ్చు.

షాపువాళ్లకి ఫొటోలతో మెయిల్ పెడితే "వివరాలన్నీ లేబుల్ మీద ఉన్నాయి, పెట్టె తెరిచాక వాపసు లేదు" అని జవాబొచ్చింది. ఇది కుదరదు. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు చేతికొచ్చిన 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కివ్వచ్చు, పెట్టె తెరిచినా సీసాల మూత తీయనంతవరకు ఆ హక్కు పోదు. నేను ప్రభుత్వ వినియోగదారుల ఫిర్యాదు సైట్ సిన్యాల్ కోన్సోలో ప్రకటన స్క్రీన్‌షాట్, మూడు సీసాల వెనక లేబుళ్ల ఫొటోలు పెట్టాను. షాపువాళ్లు ఇప్పుడు ప్రకటనలో '1984' తీసేసి 'ప్రత్యేక ఆర్మన్యాక్' అని మార్చారు, ధర అదే. మీకూ ఈ బాక్స్ వచ్చి ఉంటే సీసాలు తెరవకండి, ఆర్డర్ మెయిల్‌లో ఉన్న పాత వివరణ దాచుకోండి, 14 రోజులు దాటకముందే వాపసు కోరుతూ రాతపూర్వకంగా పంపండి.