అమ్మ గ్రీన్ కార్డ్ కేసు డినై అయింది. లాయర్‌కి ఇచ్చేశాం కదా అని కూర్చోకండి

నిన్న తెలిసింది. రాత్రంతా నిద్ర లేదు, ఇంకా చేతులు వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే మన్నించండి. ఆఫీసు పేరు రాయను. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరు లాయర్ కావాలన్నా ముందు వచ్చే పేరే. నేనూ అలాగే వెళ్ళాను.

నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక అమ్మకి ఐ-130, అంటే కుటుంబసభ్యుల గ్రీన్ కార్డ్ కోసం వేసే పిటిషన్, వేశాం. 21 ఏళ్ళు నిండిన సిటిజన్ తల్లిదండ్రులకి వేస్తే కోటా ఉండదు, ఏళ్ళ తరబడి క్యూ ఉండదు, తేలిక కేసు అన్నారు. నిజంగా తేలికే. నేను ఆవిడ బిడ్డనని రుజువు చేస్తే చాలు. చిక్కల్లా నాకు బర్త్ సర్టిఫికెట్ లేదు. ఇంట్లో పుట్టాను, ఎవరూ రిజిస్టర్ చేయించలేదు. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. అలాంటప్పుడు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ (పుట్టుక రిజిస్టర్లో లేదని ఇచ్చే కాగితం), పుట్టిన సంగతి ఎరిగిన పెద్దల అఫిడవిట్లు, అమ్మ పేరున్న స్కూల్ రికార్డులు పెట్టాలి. అన్నీ తెప్పించాను. మా పెదనాన్నకి మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లు ఎక్కలేరు. అయినా బస్సెక్కి వెళ్ళి నోటరీ దగ్గర సంతకం పెట్టి వచ్చారు. ఒరిజినల్స్ అన్నీ కొరియర్లో లాయర్ ఆఫీసుకి పంపితే, అందాయని మెయిల్ కూడా ఇచ్చారు.

అవేవీ వాళ్ళు కేసులో పెట్టలేదు.

దాంతో ఆర్ఎఫ్ఈ, అంటే ఇంకా రుజువులు పంపమని అడిగే నోటీసు, వచ్చింది. ఈ లాయరే మా తరఫున అని చెప్పే జీ-28 ఫారం మీద సంతకం పెట్టాం కాబట్టి అది లాయర్ ఆఫీసుకి వెళ్ళింది. నాకు రావాల్సిన కాపీ పాత ఇంటికి పోయినట్టుంది. ఇల్లు మారానని ఆఫీసుకి చెప్పాను, ఈ కేసులు చూసే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి వాళ్ళే తెలియజేస్తారనుకున్నాను. అది నా తప్పే. 84 రోజులు గడువిచ్చారు, ఆ గడువు పొడిగించరు. ఆ రోజుల్లోనే నేను నాలుగుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఒకటే మాట, "పెండింగ్‌లో ఉందండీ, టెన్షన్ పడకండి". జవాబు వెళ్ళకపోతే కేసు వదిలేసుకున్నట్టు లెక్కగట్టి డినై చేస్తారు. చేశారు.

నిన్న లంచ్ టైంలో ఎందుకో కేసు రిసీట్ నంబర్ వెతికి యూఎస్‌సీఐఎస్ సైట్‌లో కొట్టి చూశాను. డినైడ్ అని ఉంది. వెంటనే ఫోన్ చేశాను. కేస్ మేనేజర్ ఎత్తింది.

"ఆర్ఎఫ్ఈ వచ్చిందని మీకు మెయిల్ పెట్టామండీ, మీరే చూసుకోలేదు."

"ఏ తేదీన పెట్టారు? అదే మెయిల్ ఇప్పుడు నాకు ఫార్వర్డ్ చేయండి."

కాసేపు కీబోర్డు చప్పుడు. మెయిల్ లేదు. సారీ అన్న మాట కూడా లేదు. "పోనీలెండి, కొత్తగా ఫైల్ చేద్దాం, మీరు పాత క్లయింట్ కాబట్టి మా ఫీజులో డిస్కౌంట్ ఇస్తాం" అంది. మా పెదనాన్న అఫిడవిట్ ఎక్కడుందని అడిగాను. "మీ ఫైల్లోనే భద్రంగా ఉందండీ." ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. 84 రోజులు వాళ్ళ బీరువాలో భద్రంగా ఉంది! లాయర్‌తో మాట్లాడాలంటే ఆయన కోర్టులో ఉన్నారట. సంతకాలు పెట్టిన రోజు తర్వాత ఆయన గొంతు నేను వినలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. రాలేదు.

పొద్దున వేరే లాయర్‌ని కలిశాను. అరగంట కూర్చోబెట్టి ప్రతి కాగితం చూశారు. అసలు లాయర్ చేయాల్సిన పని ఇదే కదా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జవాబివ్వక డినై అయిన కేసుకి అప్పీల్ ఉండదట. 30 రోజుల్లోపు, నోటీసు పోస్టులో వస్తే 33 రోజుల్లోపు, కేసు మళ్ళీ తెరవమని అడిగే మోషన్ టు రీఓపెన్ వేయొచ్చు. కానీ ఆర్ఎఫ్ఈ రికార్డులో ఉన్న అడ్రస్‌కే వెళ్ళింది కాబట్టి నిలబడటం కష్టం, కొత్తగా ఫైల్ చేయడమే మేలన్నారు. కట్టిన 675 డాలర్లు వెనక్కి రావు. డబ్బు సంగతి వదిలేయండి, పోయిన కాలం ఎవరిస్తారు? కాగితం వచ్చిందా అని అమ్మ రోజూ అడుగుతుంది. నిన్న అమ్మ ఫోన్ ఎత్తలేకపోయాను.

లాయర్లని అదుపులో పెట్టే సంస్థ స్టేట్ బార్‌కి కంప్లైంట్ రాస్తున్నాను. మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. రిసీట్ నంబర్, మూడు అక్షరాలు పది అంకెలు ఉంటుంది, అది మీ దగ్గర పెట్టుకుని వారానికోసారి మీరే చూసుకోండి. ఇల్లు మారితే యూఎస్‌సీఐఎస్‌కి మీరే చెప్పండి. ఫైల్ చేసిన ప్యాకెట్ మొత్తం కాపీ అడిగి తీసుకోండి. నేను అడిగి ఉంటే అఫిడవిట్లు అందులో లేవని ఆ రోజే తెలిసేది. లాయర్ లైసెన్స్ ఉందో లేదో స్టేట్ బార్ సైట్‌లో కనిపిస్తుంది, అదీ చూడండి. అయితే ఈయనకి లైసెన్స్ ఉంది.

మధ్యాహ్నం నా ఫైల్ తెచ్చుకోవడానికి ఆ ఆఫీసుకి వెళ్తున్నాను. అక్కడే కేసు ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఇప్పుడే మీ నంబర్ కొట్టి చూసుకోండి.